కలుపు కుంటలో కొర్రమీను: మెత్తని ఎర, బరువు గాలము

(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



సస్యశాస్త్రము చెప్పువాడు గాలము పట్టుకొని వచ్చెనేమని మీలో కొందరు నవ్వుకొనుచున్నారు. నవ్వవలసినదే. కాని నాకు ఈ విషయములో ప్రవేశము కలిగినది కలుపు మూలముననే. పొలములోని కలుపు గురించి మాట్లాడుటకు గ్రామములకు పోయినపుడెల్ల, పని ముగిసిన తరువాత రైతులు నన్ను కుంట గట్టు మీదికి తీసికొనిపోయి, ఈ నాచు సంగతి ఏమి, ఈ తుంగ సంగతి ఏమి అని అడుగుచుందురు. ఆ వెనుకనే రెండవ ప్రశ్న వచ్చును: "అయ్యా, బొచ్చె, రోహు పిల్లలు వేసితిమి. సగము కూడ మిగులలేదు. లోపల కొర్రమీనున్నది. వల దిగదు. ఏమి చేయవలెను?"

వల దిగదన్న మాట నిజము. నడుమ తామర, అడుగున నాచు, గట్టు వెంబడి జమ్ము ఉన్న కుంటలో లాగుడు వల నాలుగు బారలు కూడ సాగదు. అడుగు త్రాడు నాచు మీదికి లేచిపోవును. ఆ సందులో నుండి కొర్రమీను క్రిందికి దూరి బురదలో అణగి యుండును. కుంటను పూర్తిగా ఎండగట్టగలిగినచో అంతకు మించిన ఉపాయము లేదు. ఎండగట్టలేనిచోట, చేపపిల్లలు వేయుటకు ముందు ఇప్పపిండి చల్లవలెనని చేపల శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎకరము వైశాల్యము, మీటరు లోతు గల నీటికి అది సుమారు వేయి కిలోలు కావలెను. పైగా మంచి చేప, చెడ్డ చేప అని చూడక అన్నిటిని చంపును గనుక పిల్లలు వేసిన తరువాత దాని మాట తలపెట్టుటకు వీలు లేదు. ఇక పురుగుమందు డబ్బా కుంటలో వంచుట, కరెంటు తీగ దింపుట ఉపాయములు కావు, నేరములు. నీటిలో విషము కలిపి చేపలు చంపుటను 1897 నాటి భారత చేపల చట్టమే నిషేధించినది. కరెంటు తీగకు చేపతోపాటు మనిషియు పోవును.

మిగిలినది గాలము. గాలముతో కుంటను పూర్తిగా శుభ్రము చేయవచ్చునని నేను చెప్పను. కాని పెద్ద కొర్రమీనులను ఒక్కొక్కటిగా తీసి తగ్గించవచ్చును. తీసిన చేప వృథా పోదు. మన సంతలలో బొచ్చె కంటె కొర్రమీనుకే ధర ఎక్కువ. 2016లో తెలంగాణ ప్రభుత్వము దీనినే రాష్ట్ర చేపగా ప్రకటించినది. ఒక కుంటలో దొంగ, మరియొక కుంటలో దొర అన్నమాట.

మన వైపు కొర్రమీనుకు గాలము వేయువారు బ్రతికిన కప్పను గ్రుచ్చి కలువ ఆకుల మీద ఆడించుట చిరకాలముగా నున్నది. చేప పడును, కాదనను. కాని ఆ కప్ప మీ వరిమడిలో జీతము లేకుండ పురుగులను తినునది. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశము 1987లో నిలిపివేసినది; పొలములలో కప్పలు తరిగిపోవుచున్నవన్న ఆందోళన అందుకు ముఖ్య కారణము. మడిలోని కప్పను తెచ్చి కుంటలోని చేపకు వేయుట నాకు లాభసాటి బేరముగా కనిపించదు. అందుచేత నేడు నేను చెప్పబోవునది బ్రతికిన కప్ప అక్కరలేని గాలము.

ఇది ఎక్కడిది?

అమెరికా దేశములో ఒహాయో రాష్ట్రమునందలి ఏక్రన్ నగరవాసి నిక్ క్రీమ్ 1949లో మెత్తని ప్లాస్టిక్ వానపామును అచ్చుపోసెను. తరువాత ఆ పరిశ్రమ టెక్సాస్ రాష్ట్రములోని టైలర్ పట్టణమునకు తరలినది. అక్కడి జలాశయములలో మునిగిపోయిన చెట్లు, కలుపు ఎక్కువ. మామూలు గాలము వేసినచోటనే తగులుకొనును. కావున గాలపు మొనను ప్లాస్టిక్ శరీరములోనే దాచి గ్రుచ్చు పద్ధతి అక్కడ వ్యాప్తిలోనికి వచ్చినది. ఆ పద్ధతికి నేటికిని టెక్సాస్ పేరే ఉన్నది. వారు పట్టునది బాస్ అను చేప. అదియు మన కొర్రమీను వలెనే కలుపు మాటున పొంచియుండి పైబడు జాతి. అందువలననే వారి ఉపాయము మన కుంటలో పనికి వచ్చుచున్నది. ఈ గాలమునే అంగళ్లలో "వీడ్‌లెస్ హుక్కు" అందురు. కలుపు పట్టని గాలమని అర్థము.

ముందు నీటిని చూడవలెను

అంగడికి పోయినవాడు మొదట రంగు చూచును, తరువాత బొమ్మ చూచును, గాలము ఏదో ఒకటి తీసికొనును, బరువు సంగతి అడుగనే అడుగడు. నేను దీనిని తలక్రిందులు చేయుమని చెప్పుచున్నాను. కుంటలోని కలుపును బట్టి బరువు, ఎర మందమును బట్టి గాలము. రంగు చిట్టచివర. నేలను చూడక విత్తనము కొనువాడు ఎట్టివాడో నీటిని చూడక ఎర కొనువాడును అట్టివాడే.

దీనికి కారణము చేప స్వభావములో నున్నది. కొర్రమీనుకు మొప్పలు చాలవు. తలలో గాలి పీల్చుకొను అర యున్నది. అందుచేత అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మ్రింగి పోవును. బుడుంగుమని మీరు వినునది ఆ చప్పుడే. ఇది లోతు నీటిని కోరదు. మోకాలి లోతు, నడుము లోతు నీటిలో ఆకుల నీడన, కాడల సందున, కదలకుండ నిలిచి పైకి చూచుచుండును. కప్ప దూకినను, చిన్నచేప మెదలినను ఒక్క ఉదుటున లేచి పట్టును. కాబట్టి మన ఎర దాని తలకు పైగా పోవలెను, క్రిందుగా కాదు. బరువు ఎక్కువైనచో ఎర నాచులోనికి దిగబడి అక్కడనే పూడిపోవును. చేపకు కనిపించదు, మనకు పచ్చిగడ్డి మోపు వచ్చును. గాలి లేనిచో ఎంత తక్కువ బరువుతో విసరగలరో అంత తక్కువ వాడుట ఈ పనిలో మొదటి సూత్రము.

ఇప్పుడు కలుపు రకములను చూతము. కలువ, తామర ఆకులు నీటి మీద పరచుకొని, నడుమ పళ్లెమంత, చేటంత ఖాళీలున్న కుంట చాల మంచిది. అక్కడ బరువు లేని గాలము గాని, రెండు గ్రాములకు లోపు బరువు గలది గాని చాలును. ఎర ఆకు మీద ప్రాకి, ఖాళీలో జారి, మెల్లగా దిగవలెను. నాచు నీటి అడుగుననే ఉండి, దాని మీద అడుగో, అడుగున్నరయో తేట నీరున్నచోట రెండు నుండి మూడున్నర గ్రాములు చాలును. ఎర నాచు కొసలను తాకీ తాకనట్లు ఈదవలెను. జమ్ము, తుంగ అంచున నీరు కొంచెము లోతుగా నుండును. అక్కడ ఐదు గ్రాముల వరకు పోవచ్చును. గాలి ఎదురుగా వీచునపుడు మాత్రమే ఏడు గ్రాములు.

ఆకులు సందు లేకుండ కప్పివేసిన కుంటలో మెత్తని ఎర దిగుటకు త్రోవ లేదు. అక్కడ లోపల బోలుగా నుండు రబ్బరు కప్ప మేలు. దాని రెండు గాలములు వీపునకు అంటియుండి, చేప కొరికినపుడు శరీరము నొక్కుకొనిపోయి బయటపడును. ఇక గుర్రపు డెక్క. అమెరికాలో ఇరవై, ముప్పది గ్రాముల సీసము తగిలించి దట్టమైన కలుపు తెప్పలలోనికి ఎరను పొడుచుకొనిపోవునట్లు చేయుదురు. మన కుంటలో నేను ఆ సలహా ఇయ్యను. గుర్రపు డెక్క నిండిన కుంటలో ముందు చేయవలసినది దానిని తీసి గట్టున ఎండవేసి కంపోస్టు చేయుట; గాలము తరువాతి మాట. దారపు పాచి పట్టిన నీటిలో ఏ గాలమును శుభ్రముగా రాదు. ఆ రోజు ఇంటికి పోవుట మంచిది.

ఎర

మెత్తని ప్లాస్టిక్ ఎరలలో ఎక్కువ భాగము పి.వి.సి. పొడిని నూనెవంటి మెత్తదనమిచ్చు ద్రవములో కలిపి, వేడి చేసి, అచ్చులో పోసినవి. ఆకారములు వందలుగా నున్నవి. మనకు మూడు చాలును. మొదటిది తెడ్డు తోక గల చేప: లాగినపుడు తోక అటునిటు కొట్టుకొనును, నాచు మీద ఈదించుటకు ఇది. రెండవది కాళ్లు తన్నుకొను కప్ప: ఆకుల నడుమ ఖాళీలకు ఇది. మూడవది వానపాము వంటి నిడుపాటి ఎర: దీనిని ఈదించరు, కాడల ప్రక్కన జారవిడుతురు, తానుగా వణకుచు దిగును. కొర్రమీనుకు మూడున్నర నుండి నాలుగు అంగుళముల ఎర సరిపోవును. చిన్నది వేసినచో మట్టగిడసలు కొరికి తోక తీసికొనిపోవును.

కొనునపుడు ఎరను ముక్కు దగ్గర పట్టుకొని మెల్లగా ఊపి చూడవలెను. తోక తేలికగా కదలినచో తీసికొనవచ్చును. విసురుగా ఊపిన గాని కదలనిది నీటిలో కర్రముక్క వలె వచ్చును. మెత్తనిది త్వరగా చిరుగును, గట్టిది మన్నును. అయినను మెత్తనిదే మేలందును. చేప నోరు మూసినపుడు ఎర నలిగి మొన బయటికి రావలెను గదా! పొట్ట క్రింద నిలువు చీలిక, వీపు మీద సన్నని గాడి ఉన్న ఎరలు వచ్చుచున్నవి. చీలికలో గాలపు కాడ ఇముడును, గాడిలో మొన దాగును. క్రొత్తగా నేర్చుకొనువారు వీనిని ఎన్నుకొనుట మంచిది. సంచిలో నలిగి వంకరపోయిన ఎరను పారవేయనక్కరలేదు. వేడి నీటిలో కొన్ని నిమిషములు ముంచి, తిన్నగా చేసి, చన్నీటిలో చల్లార్చినచో సరియగును. ఆ గిన్నె వంటింటిది కారాదు.

రంగు సంగతి రెండు ముక్కలలో చెప్పెదను. తేట నీటికి కప్ప రంగు, గోధుమ, ఆకుపచ్చ. బురద నీటికిని, మసక వెలుతురుకును నలుపు. క్రింది నుండి పైకి చూచు చేపకు ఆకాశము ఎదుట కనిపించునది రంగు కంటె నీడ. పదునెనిమిది రంగులు కొనిన వానికి మిగులునది ఖాళీ జేబు.

గాలము, బరువు

ఈ పనికి వాడు గాలము కాడ తిన్నగా నుండదు. కంటికి దిగువన మెట్టు వలె రెండు చిన్న వంపులు తిరిగి, తరువాత వెడల్పైన గొంతుతో నుండును. ఆ మెట్టు ఎర ముక్కును జారకుండ పట్టును. మరియొక రకమునకు కంటి వద్ద చిన్న స్ప్రింగు వ్రేలాడుచుండును. దానిని ఎర ముక్కులోనికి మరమేకు వలె త్రిప్పుదురు. స్ప్రింగు రకములో ఎర తక్కువ చిరుగును. నాలుగు అంగుళముల ఎరకు సాధారణముగా 4/0 అంకెగల గాలము తగును. సున్నతో కూడిన ఈ అంకెలలో అంకె పెరిగిన కొలది గాలము పెద్దది. కాని ఒక్కొక్క తయారీదారు కొలత ఒక్కొక్క రకము. అంకెను నమ్మక, ఎరను గాలము ప్రక్కన పెట్టి చూడవలెను. ఎర మందము, మొనకు కాడకు నడుమనున్న ఎడములో సగమునకు మించరాదు. మించినచో చేప కొరికినపుడు ప్లాస్టిక్ అంతయు ఆ ఎడములో కుక్కుకొని, మొనకు చోటు లేకుండ చేయును. చేప వచ్చినది, నీరు ఎగసినది, గాలము ఖాళీగా వచ్చినదని చెప్పువారిలో చాలమందికి జరుగునది ఇదే. అట్లే మొన బయటికి వచ్చుచోటు ఎర పొడవులో సగము లోపుననే ఉండవలెను. వెనుకకు పోయినచో తోక ఆడదు.

బరువు ఎక్కడ ఉండవలెను? దారము మీద ముక్కు ముందు తూటా ఆకారపు సీసము వేసినచో ఎర తలక్రిందుగా దిగి కాడలలో గ్రుచ్చుకొనును. దానికిని పని యున్నది, జమ్ము అంచున నిలువుగా దింపుటకు. అప్పుడు సీసము ఎరను విడిచి ముందుకు జారిపోకుండ దాని బెజ్జములో పుల్లముక్క దోపుదురు. కాని మన కుంటలకు గాలపు కాడ క్రింది భాగమున, ఎర పొట్ట క్రిందికి వచ్చునట్లు బరువు పోసిన గాలమే ఎక్కువ అనుకూలము. పడవ అడుగున బరువు వేసినచో పడవ తిరగబడదు గదా! ఇచ్చటను అంతే. ఎర సమముగా దిగును, మొన ఎప్పుడును పై వైపుననే ఉండును, కలుపు పొట్ట క్రిందుగా జారిపోవును.

పొట్లముల మీద బరువు ఔన్సు వంతులలో ఉండును. పదునారవ వంతు అనగా సుమారు 1.8 గ్రాములు, ఎనిమిదవ వంతు 3.5, నాల్గవ వంతు 7 గ్రాములు. బరువు గాలము దొరకనిచోట బరువు లేని గాలము కొని, కాలిపోయిన బోరు మోటారు నుండి తీసిన రాగి తీగను కాడ క్రింది భాగమున దగ్గర దగ్గరగా చుట్టి, కొసలను నొక్కివేయవచ్చును. మోటారు కాలని రైతు ఇక్కడ ఎవరును లేరనుకొందును. తూకమునకు చిన్న త్రాసు, 2011లో వెలువడిన రకపు రూపాయి నాణెము చాలును. ఆ నాణెము సుమారు 3.8 గ్రాములు. తీగ దానికి సరితూగినచో ఎనిమిదవ వంతు ఔన్సుకు దగ్గర.

గ్రుచ్చు విధము

ఇది చేతిపని. నిదానముగా చేయవలెను, పది ఎరలు పాడైన గాని చేయి తిరుగదు. మెట్టు గాలముతో చెప్పెదను.

మొనను ఎర ముక్కు సరిగా నడిమధ్యన పెట్టి, మెట్టు ఎంత పొడవున్నదో అంత మేర, అనగా సుమారు అర సెంటీమీటరు లోనికి పోనిచ్చి, పొట్ట వైపు బయటికి తీయవలెను. తరువాత గాలమునంతటిని ఆ రంధ్రము గుండ లాగి, కన్ను ముక్కులోనికి వచ్చువరకు తీసికొనిపోవలెను. కాడ మీద బరువున్నది గనుక ఇక్కడ తొందరపడినచో ముక్కు చీలిపోవును. బరువు మరీ లావైనచో ఈ త్రోవ వదలి స్ప్రింగు రకము వాడవలెను. ఇప్పుడు గాలమును సగము చుట్టు త్రిప్పినచో మొన ఎర వైపు తిరుగును. మెట్టు ముక్కులో కూర్చుండును.

ఇక అసలు మెలకువ. గ్రుచ్చుటకు ముందు గాలమును ఎర ప్రక్కన తిన్నగా వ్రేలాడనిచ్చి, దాని వంపు ఎర మీద ఎక్కడికి వచ్చుచున్నదో చూచి, అక్కడ గోటితో గుర్తు పెట్టవలెను. ఈ గుర్తు పెట్టకనే చాలమంది గ్రుచ్చెదరు. గుర్తుకు ముందుగా గ్రుచ్చినచో ఎర సాగి వంగును, వెనుకగా గ్రుచ్చినచో నడుము ఉబ్బును. ఎరను కొంచెము వంచి, గుర్తు వద్ద పొట్ట నుండి వీపునకు నిట్టనిలువుగా మొనను పోనిచ్చి, వదలివేయవలెను. ఎర తిన్నగా, ఇస్త్రీ చేసినట్లు పండుకొనవలెను. చివరకు వీపు మీది ప్లాస్టిక్ పొరను చిటికెడు ముందుకు నెట్టి మొన కొసను ఆ పొరలో మాత్రము దాచవలెను. లోతుగా దాచరాదు. వీపు మీద వ్రేలితో ముందు నుండి వెనుకకు రాచినచో మొన తగులరాదు. కొంచెము నొక్కి రాచినచో వెంటనే తగులవలెను. అదియే పరీక్ష.

దారము పట్టి ఎరను కంటి ఎదుట వ్రేలాడదీసి, పైనుండి, ముందునుండి చూడుడు. వంకర ఉన్నచో తీసి మరల గ్రుచ్చుడు. తరువాత తొట్టిలో గాని, గట్టు ప్రక్క తేట నీటిలో గాని రెండు బారలు లాగుడు. ఎర బొంగరము వలె తిరుగుచున్నదా, దారము మెలిపడి రెండు గడియలలో ముళ్లు పడును. ప్రక్కకు ఒరిగి వచ్చుచున్నదా, గ్రుచ్చిన గీత నడిమధ్యన లేదన్నమాట. వంకరగా గ్రుచ్చిన మంచి ఎర కంటె తిన్నగా గ్రుచ్చిన నాసి ఎర ఎక్కువ చేపలు పట్టును.

దారము అల్లిక దారము వాడవలెను. నైలాను దారము సాగును. మొన ముందు ప్లాస్టిక్‌ను చీల్చి, పిమ్మట కొర్రమీను గట్టి దవడలో దిగవలెను గనుక సాగు దారముతో లాగిన బలము దారిలోనే పోవును. ముప్పది నుండి ఏబది పౌండ్ల బలము గల అల్లిక దారము, కొంచెము బిగువైన గెడ సరిపోవును. ముడికి పాలొమార్ ముడి మంచిది: దారమును రెండు పేటలుగా మడచి కంటిలో దూర్చి, ఆ రెండు పేటలతోనే మామూలు ముడి వదులుగా వేసి, మిగిలిన ఉచ్చులో నుండి గాలమునంతటిని దాటించి, తడిపి బిగించవలెను. మొన పదును ప్రతి దినము చూచుకొనవలెను. బొటనవ్రేలి గోటి మీద మెల్లగా లాగినపుడు మొన పట్టుకొనవలెను, జారరాదు.

నీటి వద్ద

తెల్లవారు జామున గాని, ప్రొద్దు వాలిన తరువాత గాని పోవుడు. ఖాళీకి అవతల విసరి, ఆకుల మీదుగా మెల్లగా లాగి, ఖాళీలోనికి రాగానే ఆపవలెను. రెండు లెక్కించునంతసేపు ఏమియు చేయరాదు. దెబ్బ తరచుగా అప్పుడే పడును. నీరు ఎగసిన శబ్దమునకు ఉలికిపడి వెంటనే లాగువానికి చేప దక్కదు. దారములో బరువు తెలియువరకు ఆగి, గెడ దించి, వదులు దారము చుట్టుకొని, అప్పుడు ఒక్కసారిగా బలముగా లాగవలెను. తగిలిన కొర్రమీను కాడలలోనికి దూరచూచును. తల పైకి ఎత్తియే ఉంచవలెను. నోటిలో పళ్లున్నవి, వ్రేలు పెట్టరాదు, శ్రావణము వాడుడు. గాలము మీ వ్రేలిలోనే దిగి ఎదురుముల్లు లోపల చిక్కినచో పీకక డాక్టరు వద్దకు పోయి, ధనుర్వాతపు సూది వేయించుకొనవలెను.

ఊరి చెరువు మత్స్యకారుల సహకార సంఘమునకు ఇయ్యబడియున్నచో వారి అనుమతి లేనిదే గాలము వేయరాదు. వారి జీవనము అందులో నున్నది.

ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. వానలు పడిన తరువాత కొర్రమీను కలుపు నడుమ గుండ్రముగా చోటు చేసి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు తేలును. పిల్లలు ఎర్రగా, చెండు వలె గుంపుగూడి నీటి పైభాగమున తిరుగును. తల్లిదండ్రులు క్రిందనే కాపలా కాయును. ఆ చెండులోనికి ఎర విసరినచో ఆకలి లేకున్నను కోపముతో చేప కొట్టును. చాల సులువైన పట్టు. దానిని గొప్పగా చెప్పుకొనువారున్నారు. నాకు అందులో నేర్పు కనిపించదు. కాపలా చేప పోయిన గంటలో ఆ పిల్లలను మిగిలిన చేపలు, కొంగలు తినివేయును. కొర్రమీనునే ఆదాయముగా చూచుకొను కుంటలో పిల్లల చెండు కనిపించినచో అక్కడ గాలము వేయకుండుటే మేలు. బొచ్చె, రోహు పిల్లలను పెంచు కుంటలో లెక్క వేరు. అక్కడ ఆ కాపలా చేపను తీయవలసినదే, పిల్లల గుంపును కూడ దోమతెర గుడ్డతో ఎత్తివేయవలసినదే. రెండును ఒకే కుంటలో కావలెనన్నచో కుదరదు.

తెగిపోయిన గాలము

ఇక్కడ పట్టణములోని వేటగాని కంటె రైతునకు బాధ్యత ఎక్కువ. ఎందుచేతననగా ఆ కుంటలో గడ్డి కోసి మీరు పశువులకు వేయుదురు. గేదె గాని, ఆవు గాని మేతను ఏరుకొని తినదు. మేకు, తీగముక్క, గాలము గడ్డితో కలిసి లోపలికి పోయినచో రెండవ కడుపులో నిలిచిపోవును. గుండె దానికి ఎదురుగానే ఉన్నది. ఇనుపమొన ఆ గోడను పొడుచుకొని గుండె పొర వరకు పోయి పాడిగేదెలు చచ్చుట పశువైద్యులందరు ఎరిగినదే. మూడు వందల గ్రాముల చేపకు ఆశపడి పాడిగేదెను పోగొట్టుకొనరాదు.

కాబట్టి గట్టు మీదికి పోవునపుడు గాలములు లెక్కించుకొని పోవలెను, వచ్చునపుడు లెక్కించుకొని రావలెను. తగులుకొన్నచో కుదిపి కుదిపి బిగించరాదు. దారము వదులు చేసి, ప్రక్కకు నాలుగు అడుగులు నడచి, వచ్చిన దిక్కునకు ఎదురు దిక్కున లాగినచో ఎక్కువ భాగము వచ్చివేయును. రానిచో నిడుపాటి వెదురు గెడ చివర వంపు తీగ కట్టి కాడతోసహా పీకి తేవలెను. అల్లిక దారమును చేతికి చుట్టి లాగుట వలదు, చేయి తెగును. కర్రముక్కకు చుట్టి లాగుడు. పోయిన చోటు తెలిసి తీయలేకపోయినచో అక్కడ కర్ర పాతి గుర్తు పెట్టి, నీరు తగ్గిన తరువాత తీయువరకు ఆ ప్రక్క గడ్డి కోయరాదు.

సీసము విషము. పంటితో కొరికి బిగించుట మానవలెను. నీటిపక్షులు ఇసుక రేణువులతోపాటు చిన్న సీసపు గుండ్లను మ్రింగి చచ్చును. హంసలు చచ్చుచున్నవని బ్రిటనులో 1987లో చిన్న సీసపు గుండ్లను నిషేధించిరి. మీలో బాతులు పెంచువారున్నారు, అవి తిరుగు కుంటలో సీసము వేయకుడు. టంగ్‌స్టన్ బరువులు సీసము కంటె చిక్కనివి, అందుచేత చిన్నవి. కాని ధర ఎక్కువ. ఇత్తడి, రాగి తీగ మనకు అందుబాటులో నున్నవి. చిరిగిన ఎర ముక్కలను కూడ నీటిలో విసరరాదు. అవి కుళ్లవు, చేపలు మ్రింగును. ఒక డబ్బాలో వేసికొని ఇంటికి తేవలెను.

మిగిలిన ఎరలను కొనిన సంచిలోనే, తిన్నగా, నీడన ఉంచుడు. సాగు రబ్బరు వంటి మరియొక జాతి ప్లాస్టిక్ ఎరలు ఇప్పుడు వచ్చుచున్నవి, వానిని పి.వి.సి. ఎరలతో ఒకే డబ్బాలో ఉంచినచో రెండును కరగి ముద్దయగును. గాలములను ఆరబెట్టి, చుక్క నూనె రాచి, మొనలను బెండులో గ్రుచ్చి, పిల్లలకు అందకుండ పెట్టవలెను.

బయట వేపచెట్టు క్రింద నీళ్లతొట్టి పెట్టించితిని. బల్ల మీద బరువు లేని గాలములు, రెండు, మూడున్నర, ఐదు గ్రాముల గాలములు, కొన్ని ఎరలు, రాగి తీగ ఉన్నవి. ఒక్కొక్కరు ఒక ఎర గ్రుచ్చి తొట్టిలో లాగి చూడుడు. తిరుగుచున్నదేమో నేనును చూచెదను. పోవునప్పుడు గాలములు లెక్క అప్పగించి పొండు.